కూసునే బండి, పండే బండి

మా అల్లుడు కారు కొంటున్నాడని హనుమకొండలో షోరూముకు వెంట పోయాను. తోలేది వాళ్ళు, ఎక్కేది వాళ్ళు. ఒకప్పటి డ్రైవర్‌ను కదా అని మర్యాదకు నన్ను కూడా కూర్చోబెట్టుకొని పోయారు. అక్కడ రెండు పెద్ద బండ్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి మేం కాపురం చేసిన అర్ర అంత ఉంది. వాటిని చూపించే అమ్మాయి మంచిదే, మాట మెత్తన. మోకాళ్ళ ముందు జాగా ఇందులో ఎంత, అందులో ఎంత. తల మీద ఎంత, భుజాల పక్కన ఎంత. ముగ్గురు కూర్చుంటే మధ్యవాడికి ఎంత. మా అల్లుడు ఒకదాంట్లో కూర్చుంటాడు, దిగుతాడు, రెండోదాంట్లో కూర్చుంటాడు. పెండ్లిచూపులకు కూడా అంతసేపు కూర్చోలేదు వాడు.

చివరికి ఆ అమ్మాయి వెనక తలుపు పైకి లేపి ఏదో నొక్కింది. సీట్లు వాటంతట అవే ముందుకు వాలి, నేల చదునుగా అయింది.

"ఆరడుగుల మనిషి కాళ్ళు చాపుకొని పడుకోవచ్చు సార్. ఒకసారి పడుకొని చూడండి అంకుల్" అంది నాతో.

"వద్దు బిడ్డా" అని బయటికి వచ్చేశాను.

నా బిడ్డ వెనకనే వచ్చింది. "ఏమైంది నాయినా, సుగర్ దిగిందా?"

"ఏం కాలె. జర గాలికి నిలవడ్డ. పో, మీరు సూసుకోండ్రి."

నాకు చుట్టు తిప్పి చెప్పడం రాదు. ఆ అమ్మాయి చెయ్యి చాపి చూపించిన చోట ఒక మనిషి వెల్లకిలా పడుకొని కనిపించాడు. చేతులు పక్కలకు ఆనించి, మడమలు కలిపి, కళ్ళు మూసుకొని. ఆయన పోయి చాలా కాలమైంది. కానీ నాకు గుర్తొచ్చింది ఆయన శవం కాదు. బతికి ఉండగానే ఆయన్ను అలా ఎన్నోసార్లు చూశాను.

డెబ్బైలు ముగిసే కాలం. వరంగల్‌లో పెద్ద దవాఖాన గోడ పక్కన మా బండ్ల అడ్డా. నేను ఒక సేటు దగ్గర అంబాసిడర్ తోలేవాణ్ణి. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. నలభై దాటాక రాత్రిబడిలో నేర్చాను. మైలురాయి మీద ఏముందో తెలియకుండానే జిల్లా అంతా తిరిగినవాణ్ణి. ఆయన మా అడ్డాకు పెద్ద. ఏ బండీ ఆయనది కాదు, స్టీరింగ్ పట్టడం రాదు. దవాఖాన లోపలి నుంచి ఏడ్చుకుంటూ వచ్చిన మనుషులకు ఏ బండి మాట్లాడాలో చెప్పి, అందులో సర్ది పంపడం ఆయన పని. పేరు రాయను. ఆయన పాలోళ్ళు, అన్నదమ్ముల వరసవాళ్ళు, ఇంకా ఉన్నారు.

దవాఖానకు వచ్చేటప్పుడు మనుషులు ఎట్లాగో వస్తారు. ఎడ్లబండి మీద, బస్సులో, ఒకరి భుజం మీద. తిరిగి పోవడమే కష్టం. అప్పట్లో తిరిగి తీసుకుపోవడానికి మా అడ్డానే దిక్కు. ఎక్కేవాళ్ళు రెండు తీర్లు. ఊపిరి పోయినవాళ్ళు, పోబోయేవాళ్ళు. 'ఇగ మా చేతుల లేదు, ఇంటికి తీసుకపోండ్రి' అని డాక్టర్ అన్నాడంటే ఆ ఇంటివాళ్ళు ఉరికురికి వచ్చేవాళ్ళు. ఎందుకంటే మా దిక్కు పల్లెల్లో ఒక కట్టు ఉంది. బయట చచ్చిన మనిషిని గడప దాటించి ఇంట్లోకి తీసుకురారు. తన చేతులతో కట్టుకున్న ఇల్లయినా సరే, శవాన్ని వాకిట్లోనో గోడవారనో పడుకోబెడతారు, వాన పడ్డా ఎండ కొట్టినా. ఊపిరి ఉండగా గడప దాటించారా, అప్పుడు నట్టింట్లో పోవచ్చు. ఆ ఒక్క ఊపిరి కోసం మేం గుంతల రోడ్ల మీద బండ్లను చావగొట్టేవాళ్ళం.

ఆయన మొదట నేతపని మనిషి. గుంటమగ్గం దగ్గర ఆయన కాళ్ళు పట్టేవి కావట. గుంట తవ్వించి తవ్వించి ఇంట్లోకి నీళ్ళూరేదాకా వచ్చింది, అయినా మోకాళ్ళు పడుగుకు తగిలేవి. అంత పొడుగు. దవాఖాన గేటు పక్క చిన్న తలుపులోంచి ఆయన పోతుంటే ఒంటె వంగినట్టు ఉండేది. మగ్గం వదిలిపెట్టి అడ్డాకు వచ్చాడు. ఆ పొడుగే ఇక్కడ ఆయనకు కొలబద్ద.

అడ్డాకు కొత్త బండి ఏది వచ్చినా ఆయన చేసే పని ఒకటే. ఎవరినీ అడగడు. చెప్పులు కింద విడిచి, వెనక నుంచి లోపలికి పాకి, వెల్లకిలా పడుకుంటాడు. చేతులు పక్కలకు. మడమలు కలిపి. కళ్ళు మూసుకుంటాడు. కదలడు. పొట్ట కూడా లేచి పడేది కాదు, ఊపిరి అంత సన్నగా తీసుకునేవాడు. మేం చుట్టూ నిలబడి చూసేవాళ్ళం. నవ్వు రావాలి, కానీ వచ్చేది కాదు. ఎవడో ఒకడు "అన్నా, ఇగ లే, పాణం ఎట్లనో అయితాంది" అనేవాడు. అప్పుడు కళ్ళు తెరిచి, లేచి, దుమ్ము దులుపుకొని తీర్పు చెప్పేవాడు.

"ఇది కూసునే బండి."

లేదంటే, "ఇది పండే బండి."

అంతే. కూర్చొని పోయేదొకటి, పడుకొని పోయేదొకటి, మూడో తీర్పు లేదు.

అంబాసిడర్ కూసునే బండి. మెత్తగా ఉంటుంది, గుంతలు తెలియవు, కానీ వెనక సీటు మీద మనిషి నిండుగా పట్టడు. మోకాళ్ళు మడవాలి. చనిపోయినవాణ్ణి అందులో తీసుకుపోవాలంటే ఒళ్ళు బిగుసుకోకముందే మడవాలి. ఆయనకు అది నచ్చేది కాదు. "సంటిపిల్ల లెక్క ముడిసి పంపుతారుర, మనిషిని?" అనేవాడు. జీపు మధ్యరకం. పొడుగు చాలదు, వెనక రేకు దించితే పాదాలు దాని మీదికి వస్తాయి. గొంగడి కప్పితే కప్పినట్టే ఉంటుంది కానీ రోడ్డు దుమ్మంతా పాదాలకే. అటూ ఇటూ బెంచీల మీద ఇంటివాళ్ళు కూర్చుంటారు, మనిషి మధ్యన నేల మీద. వాళ్ళకు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియదు. తగులుతాయని ఊరు వచ్చేదాకా కాళ్ళు ఎత్తి పట్టుకొని కూర్చున్నవాళ్ళను చూశాను. దిగాక నడవలేకపోయేవాళ్ళు.

ఆయన మాట ఒకటి అడ్డాలో అందరికీ నోటికి వచ్చేది.

"బతికినోడు ముడుసుకుంటడు తమ్మి. బస్సుల ముడుసుకుంటడు, రైలుల ముడుసుకుంటడు, పెండ్లాంతోని కొట్లాడితే గోడమూలకు ముడుసుకుంటడు. సచ్చినోడు ముడుసుకోడు. గందుకే సచ్చినోనికే జాగ ఎక్కువ గావాలె."

మనిషిని బండిలో సర్దాక, తల ముందుకే ఉందా చూసి, గుడ్డ అంచు నడుము కింద దోపి, బండి రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాడు. "పో" అనేవాడు. "పోయి రాండ్రి" అనడు. ఎక్కడికి అని అడగడు. తను మాత్రం ఎన్నడూ వెంట ఎక్కేవాడు కాదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎంతమందిని పంపినా, ఆ దారి చివర ఏం జరుగుతుందో ఆయన చూడలేదు.

ఇంకొక అలవాటు ఉండేది, దానికే మేం భయపడేది. చాయ తాగుతూ తాగుతూ మనిషిని పాదాల నుంచి తల దాకా ఒకసారి చూసేవాడు. ఎవరినైనా. మొదట పాదాలు, తర్వాత పైకి. అందరం తల నుంచి కిందికి చూస్తాం కదా, ఆయన కింది నుంచి పైకి. అది కొలవడమని అందరికీ తెలుసు. ఆయన వస్తున్నాడంటే నిలబడ్డవాళ్ళు గొంతుక్కూర్చునేవాళ్ళు. ఒకసారి బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ కూడా తెలియకుండానే మాతో పాటు కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో వాడికే తెలియదు.

"నన్ను సూడకన్నా, నీకు దండం వెడ్త" అన్నాను నేను ఒకనాడు.

"నిన్నేం సూడాలెర? నువ్వు కార్ల సుత పడ్తవ్, పొట్టోనివి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు డెబ్బై దాటాను, ఇంకా సహించినట్టు లేదు ఆ మాట.

మా సేటు మెటడోర్ వ్యాను కొన్నాడు. నూలు మూటలు, బట్టల బేళ్ళు వేయడానికని వెనక సీట్లన్నీ పీకేయించాడు. లోపల పొడుగ్గా, ఖాళీగా, ఇనుప నేల. ముందు డ్రైవర్‌కొక సీటు, పక్కన ఇంకొకటి, రెండింటి మధ్య ఇంజన్ మూత పొయ్యిలాగా కాలుతుండేది. దాన్ని తోలడం నాకే ఇచ్చాడు. అడ్డాకు తెచ్చిన రోజు ముందు అద్దానికి బంతిపూల దండ, చక్రాల కింద నలిగిన నిమ్మకాయల వాసన ఇంకా పోలేదు. సేటు కొబ్బరికాయ కొట్టి వెనక్కి తిరిగేసరికి ఆయన లోపల పడుకొని ఉన్నాడు.

"ఓరి నీ! కొత్త బండిల శవం లెక్క పండినవేందిర! దిగు, దిగు!" సేటు ముఖం నల్లబడిపోయింది.

ఆయన దిగలేదు. కాళ్ళు ఇంకొంచెం చాపాడు. తల మీద ఒక జానెడు, పాదాల కింద ఒక జానెడు మిగిలింది. ఎప్పుడూ ఏ బండిలోనూ ఆయనకు అంత జాగా దొరకలేదు. కళ్ళు తెరిస్తే అందులో నీళ్ళున్నాయి. సంతోషంతోనే అనుకుంటా.

"సేటూ, గిది పండే బండి" అన్నాడు. "రాజు లెక్క పోతడు మనిషి గిండ్ల."

సేటు మళ్ళీ ఒక కొబ్బరికాయ తెప్పించి కొట్టాడు. అది కుళ్ళింది వచ్చింది.

ఆయన భార్యను మేం వదినా అనేవాళ్ళం. ఆయన నడుము దాకా వచ్చేది. నోరు మాత్రం ఇద్దరి పొడుగూ కలిపినంత. ఇంట్లో కూలికి నూలు కండెలు చుట్టి, సద్ది పట్టుకొని అడ్డాకు వచ్చేది. ఆయన ఏదైనా బండిలో పడుకొని కనిపిస్తే గిన్నె మూతతో రేకు మీద కొట్టేది.

"లేవయ్యా! సచ్చినోళ్ళు సుత గింతసేపు పండరు. అన్నం సల్లగైతాంది."

"ఆగవే, కొలుస్తాన."

"కొలువు. సచ్చేటోళ్ళందరిని కొలువు. బతికినదాన్ని ఇంట్ల ఉన్న, నాకేం గావాల్నో ఎన్నడన్న అడిగినవా?"

వాళ్ళ సొంత ఊరు నెక్కొండ దాటాక ఇంకొంచెం లోపలికి. అక్కడ ఒక పెంకుటిల్లు ఉంది. వదిన కాపురానికి వచ్చిన కొత్తలో కట్టిన ఇల్లు. గోడలకు మట్టి తొక్కింది ఆమె, గడపకు మొదటిసారి పసుపు రాసింది ఆమె. పిల్లలు కలగలేదు. మరిది పెండ్లయ్యాక తోటికోడలితో పొసగలేదు. ఒక రోజు పొయ్యి దగ్గర మాటా మాటా పెరిగి, వదిన బట్టల మూట తీసుకొని బయటపడింది. తోటికోడలు గడపలో నిలబడి "మల్ల గీ గడప ఎట్ల తొక్కుతవో నేనూ సూస్త" అన్నదట. వరంగల్‌లో కిరాయి అర్రలో ఉంటూ వదిన ఆ ఒక్క మాటను రోజూ నూరుకునేది. పండక్కి పోలేదు, చావుకు పోలేదు. మాతో అనేది, "నడిసి పోతనో, మోసుకపోతరో. గా ఇంట్లకైతే పోత తమ్మి. వాకిట్ల పండవెడ్తె మాత్రం దయ్యమై లేసొచ్చి మిమ్ములందరిని పట్టుకుంట." మేం నవ్వేవాళ్ళం.

ఎనభైలు వచ్చాయి. వదినకు కాళ్ళు ఉబ్బాయి, తర్వాత ముఖం. దవాఖానలో చేర్చాడు. గుండె చుట్టూ నీళ్ళు చేరాయన్నారు. నేను చూడబోతే మంచం మీద కూర్చొని, తలకింది మెత్తను ఒళ్ళో పెట్టుకొని, దాని మీదికి వాలి ఊపిరి తీసుకుంటోంది. పడుకుంటే గొంతులోకి నీళ్ళు వచ్చినట్టు అవుతోందట. రాత్రీ పగలూ అట్లా కూర్చునే ఉంటోంది.

ఆయన నాతో అన్నాడు, "మంచం పొట్టిగున్నది తమ్మి. గందుకే పండలేకపోతాంది. కాళ్ళు సాపితే ఇనుము తాకుతాంది."

నేను మంచం చూశాను, వదినను చూశాను. ఆమె లాంటివాళ్ళు ఇద్దరు పట్టే మంచం అది. ఆయన నిజంగానే అంటున్నాడు. ఎన్నో ఏండ్లు పడుకోబెట్టి పంపిన మనిషి కదా. కళ్ళు మూతపడబోయే మనిషి పడుకోవడం లేదంటే జాగా చాలడం లేదనే ఆయనకు తోచింది. వేరే కారణం ఉంటుందని తోచలేదు.

ఒక మధ్యాహ్నం డాక్టర్ ఆ మాట అననే అన్నాడు. ఇంటికి తీసుకపోండ్రి. మబ్బు పట్టి ఉంది, గాలి ఆడడం లేదు. అడ్డాలో అంబాసిడర్ ఉంది, నా మెటడోర్ ఉంది. ఆయన దవాఖాన చిన్న తలుపులోంచి వంగి బయటికి వచ్చి, రెండింటినీ చూశాడు. అందరికీ చెప్పే మనిషి, తన వంతు వచ్చేసరికి చాలాసేపు నిలబడ్డాడు.

"అన్నా, కారు తీస్త" అన్నాను. "ఎనక సీట్ల కూసుంటది. ఆనుకుంటది. జల్ది పోవచ్చు."

"కార్ల ముడుసుకోవాలె."

"కూసుంటె ముడుసుకున్నట్టు గాదన్నా."

"నా పెండ్లాన్ని ముడిసి పంపనుర" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "పెద్దది తియ్యి."

వదినను స్ట్రెచర్ మీద కూర్చోబెట్టే తెచ్చారు. ఆ వ్యాను వెనక తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల ఆయన బొంత పరిచి పెట్టాడు, చదునుగా, ముడత లేకుండా, అంచులు లాగి. అది చూసి వదినకు అంత ఆయాసంలోనూ నవ్వు వచ్చింది.

"ఏమయ్యా... అప్పుడే... పండవెడ్తానవా?"

"కాళ్ళు సాపుకుంటె జర ఇలాసంగ ఉంటదే. ఎంత జాగ ఉన్నదో సూడు."

"నాకు... జాగెందుకు... గాలి గావాలె."

"పండు. ఊపిరి అదే ఆడ్తది."

ఆమె నన్ను చూసింది. నేను మళ్ళీ కారు మాట ఎత్తాను. ఆయన వినలేదు. ఆయన చెప్పిన బండిని కాదన్నవాళ్ళు ఆ అడ్డాలో అప్పటిదాకా లేరు. పడుకోబెట్టాడు. గుడ్డ అంచు నడుము కింద దోపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు రేకు మీద దెబ్బలు కొట్టలేదు. లోపలికి ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు.

"పోనియ్" అన్నాడు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. దాటాక రైలు గేటు పడింది. గూడ్సు బండి రాబోతోంది. ఇంజన్ ఆపాను. ఆపగానే వెనక నుంచి చప్పుడు వినిపించింది. ఇనుప నేల మీద అరచేత్తో కొడుతున్నారు. మొదట ఆయనేమో అనుకున్నాను. వదిన. నేను ఉరికి వెనక తలుపు తీసేసరికి ఆమె లేవబోతోంది, లేవలేకపోతోంది, నోరు తెరుచుకొని ఉంది, కళ్ళు పెద్దవయ్యాయి. మునిగిపోయేవాళ్ళ కళ్ళు. ఆయన ఆమె భుజాలు పట్టి కిందికి అదుముతున్నాడు. "పండు, పండు, జర పండు" అంటున్నాడు.

"లేపన్నా!" అని అరిచాను. "కూసోవెట్టు! నీళ్ళు గొంతుల కొస్తానయ్!"

ఇద్దరం కలిసి లేపి కూర్చోబెట్టాం. అప్పుడు ఆమె లోపలికి ఒక ఊపిరి లాగింది. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది, పాత తలుపు తీసినట్టు. కానీ కూర్చోబెడితే ఆనుకోవడానికి అక్కడ ఏమీ లేదు. సీటు లేదు, బెంచీ లేదు. పక్కనున్న రేకుకు ఆనిస్తే తల కొట్టుకుంటోంది. ముందు సీట్లోకి తీసుకుపోదామంటే ఇంజన్ మూత వేడి, డీజిల్ పొగ. అక్కడ ఆరోగ్యంగా ఉన్నవాడికే ఊపిరాడదు. పైగా దింపి మళ్ళీ ఎక్కించేలోపే పోయేట్టు ఉంది. జిల్లాలో అంత పెద్ద బండి ఇంకొకటి లేదు. అందులో ఆ చిన్న మనిషి వీపు ఆనించడానికి జాగా లేదు.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఆ బండిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత ఆమె వెనక్కి పోయి, ఆమెకు వీపు తిప్పి కూర్చున్నాడు. మోకాళ్ళు మడిచి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి, తన వీపును ఆమె వీపుకు ఆనించాడు. అంత పొడుగు మనిషి ఆమె కోసం కుంచించుకొని, ఆమె తల తన మెడ కింద ఆనేట్టు కూర్చున్నాడు.

గూడ్సు పోతూనే ఉంది. గేటు లేవగానే నేను ముందుకు ఉరికి ఇంజన్ తిప్పాను.

బండి కదిలాక అద్దంలో చూస్తూ తోలాను. ఆయన ముఖం బండి వెనక తలుపుల దిక్కు. ఆమె ముఖం నా దిక్కు. ఆయనకు ఆమె కనిపించదు.

"ఉన్నవా?" అన్నాడు.

"ఉన్న."

కొంత దూరం పోయాక మళ్ళీ. "ఉన్నవా?"

"ఉన్నయ్యా. యాడికి... పోత." ఒక ఊపిరి తీసుకుంది. "గింత ఈపు... ఇన్నొద్దులు... యాడ దాసినవ్?"

ఆయన భుజాలు కదిలాయి, వెంటనే ఆపుకున్నాడు, ఆమెకు తగులుతుందని.

నెక్కొండ స్టేషను దాటాం. తారు అయిపోయి మొరం రోడ్డు మొదలైంది. మబ్బు కిందికి దిగింది. దారిలో ఒక్క మనిషి ఎదురు రాలేదు. మొరం రోడ్డు మీద వ్యాను ఎంత మెల్లగా పోయినా దడదడలాడుతుంది, లోపలున్నవన్నీ ఊగుతాయి.

"ఉన్నవా?"

జవాబు రాలేదు.

"తమ్మి, పోనియ్" అన్నాడు. "ఉన్నది. నా ఈపుకు తెలుస్తాంది. ఊపిరి తీస్తాంది. పోనియ్."

అద్దంలో ఆమె తల ఆయన మెడకు ఆని ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. తల ఊగుతోంది. ఆ రోడ్డు మీద ఏదైనా ఊగుతుంది. వీపుకు వీపు ఆనించి కూర్చున్నప్పుడు తెలిసేది ఎవరి ఊపిరో ఎట్లా చెప్పడం? నేను చెప్పలేను. ఆయన చెప్పగలిగాడు. అంతే తేడా.

"ఉన్నది" అంటూనే ఉన్నాడు, నేను అడగకున్నా.

ఇంటి ముందు మనుషులున్నారు. కబురు ముందే చేరింది. వాకిట్లో గోడవారన ఊడ్చి, నీళ్ళు చల్లి పెట్టారు. చాప కూడా చుట్టి ఆనించి ఉంది. ఏదైనా కావచ్చునని అన్నీ సిద్ధం. గడపలో తోటికోడలు నిలబడి ఉంది. రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి కానీ ఆమె వాటి మధ్య నిలబడి ఉంది.

నేను వెనక తలుపులు తీశాను. కులపెద్ద ముందుకు వచ్చాడు. ముసలాయన, చూపు సరిగా ఆనదు.

"ఊపిరున్నదా?"

"ఉన్నది" అన్నాడు ఆయన, కదలకుండా. "నా ఈపుకు తెలుస్తాంది."

"గట్ల గాదు బిడ్డా. చెయ్యి వెట్టి సూడాలె. ఎవలన్న ఆడిమనిషి సూడుండ్రి."

ఎవరూ కదలలేదు. చూసి చెప్పే మాటకు పూచీ ఎవరిది? లేదంటే గోడవారన పడుకోబెట్టాలి. ఉందని చెప్పి అది తప్పయితే ఆ ఇంటికి అరిష్టం అంటారు, ఇల్లు పాడుబెట్టాలి అంటారు, ఆ ఇంట్లో ఉండేది చెప్పినవాళ్ళు కాదు. ఉండేది తోటికోడలు. అందరూ ఆమె దిక్కు చూశారు.

ఆమె గడప దిగి వచ్చింది. వ్యాను లోపలికి ఎక్కలేక మోకాలు పెట్టి పాకింది. ఆయన పక్క నుంచి జరిగి, వదిన ఎదురుగా కూర్చొని, ముక్కు ముందు చెయ్యి పెట్టింది. చాలాసేపు పెట్టింది. వదిన కొంగు జారి ఉంటే భుజం మీదికి సర్దింది. మళ్ళీ చెయ్యి పెట్టింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. ముఖంలో ఏమీ లేదు, రాయిలాగా ఉంది. ఏండ్ల తర్వాత ఇద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

"ఉన్నది" అంది. అందరికీ వినిపించేట్టు అంది. "పక్కకు జరుగుండ్రి. ఇంట్లకు తీసుకపోండ్రి. నట్టింట్ల పక్కెయ్యిండ్రి. మా అక్కను గోడకు ఆనిచ్చి కూసోవెట్టుండ్రి, పండవెట్టకుండ్రి."

ఆ చేతికి ఏం తెలిసిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

నలుగురు ఆడవాళ్ళు వచ్చి ఎత్తారు. తోటికోడలు తల పట్టుకుంది. వాకిలి దాటారు, అరుగు ఎక్కారు, గడప మీదుగా వదిన కాళ్ళు లోపలికి పోవడం నేను చూశాను. నీడలో ఆ ఉబ్బిన పాదాలు కనపడకుండా అయ్యేదాకా చూశాను.

తిరిగి చూస్తే ఆయన ఇంకా వ్యానులోనే ఉన్నాడు. అట్లాగే. మోకాళ్ళు మడిచి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి, వీపు నిటారుగా. వెనక ఎవరూ లేరు. ఆ పొడుగు బండి అంతా ఖాళీ.

లోపలి నుంచి ఒక్కసారిగా ఏడుపు లేచింది. నట్టింట్లోంచే.

"అన్నా, దిగు" అన్నాను. "వదిన ఇంట్లకు పోయింది. గడప దాటింది. దిగన్నా."

ఆయన తల తిప్పలేదు. మెల్లగా, ఎవరికో నిద్ర చెడుతుందన్నట్టు అన్నాడు.

"ఆగు తమ్మి. నేను కదిలితే ఒరుగుతది."